సారాకొట్టులో కుర్చీ ఉండదు

తాగేటప్పుడు నంజుకునే తిండిని మా కొడవలూరు వైపు ‘స్టఫ్’ అంటారు. చదువుకని హైదరాబాదొచ్చాక దాన్నే ‘మంచింగ్’ అనడం విన్నాను. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో మేము వెళ్ళే బ్రూపబ్‌లో ‘స్మాల్ ప్లేట్స్’ అంటున్నారు. పేరు మారినప్పుడల్లా పళ్ళెం కాస్త చిన్నదయింది, ధర కాస్త పెద్దదయింది. మొన్న మా టేబుల్ మీదికి వచ్చిన ‘పోడి ప్రాన్స్’లో ఆరు రొయ్యలున్నాయి. నెల్లూరు కోస్తాలో పుట్టినవాణ్ణి, రొయ్యల్ని లెక్కపెట్టుకుని తినాల్సి రావడం నాకు కొంచెం అవమానమే.

అయినా వెళతాను. నెలకి రెండుసార్లయినా వెళతాను. అద్దాల వెనక స్టీలు తొట్లుంటాయి. వాటిలో మాల్టు నానుతూ, ఉడుకుతూ, పులుస్తూ బీరవుతుంటుంది. గ్లాసు తెచ్చిచ్చే కుర్రాడు ఇది గోధుమ బీరు, ఇది చేదెక్కువ, ఇది మాడ్చిన మాల్టుతో చేసిన నల్లబీరు అని ఓపిగ్గా చెబుతాడు. ఎవరూ తొందరపెట్టరు. ఒక్క గ్లాసుతో గంటన్నర కూచోవచ్చు. పక్క టేబుల్లో ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన నలుగురు అమ్మాయిలు మేనేజర్ని తిట్టుకుంటుంటారు. ఇంకో టేబుల్లో ఒకాయన ఒంటరిగా పుస్తకం చదువుకుంటుంటాడు. ఇదంతా మామూలు విషయమే. కానీ నాకు ఎప్పుడూ మామూలుగా అనిపించదు. నేను ముందు చూసేది కుర్చీని. మంచి టేకు కుర్చీ, వీపుకి ఆనుకునే వాలు, కింద మెత్త. తాగేవాడి కోసం ఎవరో ఆలోచించి చేయించిన కుర్చీ.

మా ఊరి సారాకొట్టులో కుర్చీ లేదు.

ఈ వ్యాసం ఆ కుర్చీ గురించి. తెలుగునాట తాగడానికి ఒక చోటంటూ ఎప్పుడుండేది, ఎప్పుడు పోయింది, మళ్ళీ ఎవరి కోసం వచ్చింది అన్నదాని గురించి. బీరు రుచుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ పని వాళ్ళకే వదిలేస్తున్నాను.

*

డబ్బిచ్చి కూచుని తినే చోటు మనకి కొత్త కాదు. పదిహేనో శతాబ్దంలో వచ్చిన ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. చూడని ఆట లేదు, పలకరించని మనిషి లేడు. ఆకలేసినప్పుడు పూటకూళ్ళ ఇంటికి వెళతారు. అక్కడ ఒక రూకకి ఏమేం పెడతారో కవి నోరూరేట్టు వర్ణిస్తాడు. ఇవాళ మనం రివ్యూలు చదివి రెస్టారెంటు ఎంచుకున్నట్టే, ఫలానావాళ్ళ ఇంట్లో భోజనం బాగుంటుందని వాళ్ళకీ ముందే తెలుసు. ఊరు చూడ్డం, ఊసుపోక మాట్లాడుకోవడం, తినడం ఒకే సరదాలో భాగాలు. ఆ కావ్యం రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అని పండితులు కొట్టుకున్నారు గానీ, రాసినవాడికి సాయంత్రం ఎలా గడపాలో బాగా తెలుసు. అందులో సందేహం లేదు.

తాగడం మాత్రం చెట్టు కింద. తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. లోకం నిందలేస్తుందన్న సంగతి చెప్పడానికే దాన్ని వాడతాం. నాకు మాత్రం అందులో ‘కూచుని’ అన్న మాట దగ్గర మనసాగుతుంది. కల్లుకి కూచోవాలి. అది పట్టుకుపోయి దాచుకునే సరుకు కాదు. తెల్లారకముందు చెట్టు దించిన కల్లు తియ్యగా ఉంటుంది. గాల్లోని, కుండలోని ఈస్టు దాన్ని గంటల్లో పులియబెడుతుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. కుండకి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా ఉంటుంది. ఆ పూట, ఆ తోపు, ఆ గీత కార్మికుడి చెయ్యి. రుచి వీటిని బట్టే మారుతుంది. ‘స్థానికం, తాజా, వడకట్టనిది, చిన్న మొత్తాల్లో తయారైనది’ అని బ్రూపబ్ గోడ మీద రాసుకున్న విశేషణాలన్నీ ముందు కల్లుకి చెందినవే. ఆ మాట ఆ గోడకి చెప్పేవాళ్ళెవరూ లేరు.

తెలుగు సాహిత్యంలో తీరిగ్గా కూచుని తాగిన బృందం ఏదని అడిగితే నేను గురజాడ దగ్గరికే వెళతాను. ‘కన్యాశుల్కం’లో బైరాగి, హెడ్డు కనిస్టీబు, దుకాణదారు కలిసి కూచుని వేదాంతం పేరుతో మందు కొట్టే దృశ్యం గుర్తుంది కదా. పోలీసూ సన్యాసీ వ్యాపారీ ఒక్కచోట చేరడం అక్కడ ఎగతాళి కోసం. గురజాడ వాళ్ళని మెచ్చుకోవడం లేదు. కానీ చదువుతుంటే ఆ మాటల సాగతీత, అడ్డదిడ్డపు తర్కం, మధ్యమధ్య పాట, ఇవన్నీ శుక్రవారం రాత్రి మా టేబుల్ లాగే ఉంటాయి. ఎగతాళి చెయ్యాలన్నా ముందు వాళ్ళనలా కూచోబెట్టాలి. ఆయన కూచోబెట్టాడు.

*

చెట్టు కింద కూచున్నవాణ్ణి లేపింది సర్కారు.

‘ఆబ్కారీ’ పారసీ మాట. ఆబ్ అంటే నీళ్ళు, కారీ అంటే పని. ఇంత అమాయకమైన పేరు పెట్టుకున్న శాఖ మరొకటి లేదు. కంపెనీ కాలం నుంచే మద్రాసు ప్రెసిడెన్సీలో సారా, కల్లు హక్కుల్ని వేలం పాడి రెంటుదారులకిచ్చేవాళ్ళు. 1886లో వచ్చిన మద్రాసు ఆబ్కారీ చట్టం దీన్నంతా ఒక పద్ధతిలో పెట్టింది. గీసే చెట్టుకి నంబరు పడింది, చెట్టుకింత అని పన్ను పడింది. లైసెన్సు లేకుండా కుండ కట్టడం నేరమయింది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసులోదే. మా తీరంలో తాటితోపులన్నీ అలా ఖాతా పుస్తకాల్లోకి ఎక్కినవే.

ఇక్కడొక తేడా గమనించండి. సర్కారుకి కల్లు చిరాకు సరుకు. వేల చెట్లు, వేల చేతులు, ఎక్కడెంత దిగిందో ఎవరికి తెలుసు? పైగా ఒక్కరోజు నిలవుండదు. సారా అలా కాదు. బెల్లం మడ్డిని పులియబెట్టి ఒకచోట బట్టీ పెట్టి కాచి, పీపాల్లో నింపి, కొలిచి, సుంకం వేసి, ఎంత దూరమైనా పంపొచ్చు. లెక్క తేలిగ్గా తేలుతుంది. అందుకని వందేళ్ళపాటు పాలకులు ఎవరైనా, మాటల్లో ఏమన్నా, చేతల్లో జనాన్ని కల్లు నుంచి సారాకీ, సారా నుంచి సీసాకీ నడిపించారు. రుచి కోసం కాదు, లెక్క కోసం.

వేలంలో పెద్దమొత్తం పాడి కొట్టు దక్కించుకున్నవాడికి కాలం ఏడాదే. ఆ ఏడాదిలో పెట్టుబడీ వడ్డీ లాభమూ రాబట్టుకోవాలి. అలాంటివాడు కుర్చీ ఎందుకేస్తాడు? కూచున్నవాడు మెల్లిగా తాగుతాడు, మాట్లాడతాడు, ఇంకొకడి చోటు ఆక్రమిస్తాడు. నిలబడ్డవాడు గొంతులో పోసుకుని వెళతాడు. కొట్టులో కుర్చీ లేకపోవడం పేదరికం వల్ల కాదు, వేలంపాట వల్ల.

*

తర్వాత నిషేధం వచ్చింది. రాజాజీ 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టి, మరుసటేడు చిత్తూరు, కడపలకి తెచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పొడిబారింది, నెల్లూరుతో సహా. 1953లో ఆంధ్రరాష్ట్రం విడిపోయినప్పుడు అప్పులతో పాటు నిషేధాన్నీ వాటాగా తెచ్చుకుంది.

ఆ నిషేధం మీదే మన మొదటి ప్రభుత్వం కూలిపోయిందన్న సంగతి ఎందుకో మనం ఎక్కువ చెప్పుకోం. నిషేధం సాగుతున్న తీరు మీద ఎస్.వి. రామమూర్తి కమిటీ వేశారు. ఎత్తెయ్యమని కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు వినలేదు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ఆంధ్రకేసరి దిగిపోయాడు. దాని వెనక గీత కార్మికుల ఆకలి ఉంది. చెట్టెక్కడం తప్ప వేరే పని తెలియని కుటుంబాల్ని నిషేధం ఒక్కసారిగా నేరస్థుల్ని చేసింది. గౌతు లచ్చన్న వాళ్ళ తరఫున సత్యాగ్రహం నడిపాడు. నిషేధాన్ని పూర్తి మంచిగా చూసేవాళ్ళకి ఈ కథ ఇబ్బందిగా ఉంటుంది. నాకూ ఇబ్బందే, ఎందుకో ముందుకి వెళితే మీకే తెలుస్తుంది. 1960ల ముగింపుకి నిషేధం ఎత్తేశారు. గీతవాళ్ళు తిరిగి చెట్లెక్కారు గానీ, ఈలోపు డబ్బున్నవాళ్ళ చూపు సారా మీదికి మళ్ళింది.

1970–71లో రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చింది 39 కోట్లు. 1991–92కి 812 కోట్లు. ధరల పెరుగుదల తీసేసినా ఇది మామూలు పెరుగుదల కాదు. మధ్యలో ఎన్టీఆర్ ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాని సర్కారే ప్లాస్టిక్ పొట్లాల్లో నింపి సరఫరా చేసే పద్ధతి తెచ్చింది. కల్తీ లేని సారా ఇవ్వడం ఉద్దేశమన్నారు. కానీ పొట్లం చేసిన పని వేరు. అప్పటిదాకా తాగాలంటే కొట్టు దాకా నడవాలి. పొట్లం వచ్చాక సారాయే నడిచి వచ్చింది. పొలం గట్టుకి, కల్లం దగ్గరికి, సైకిలు మీద ఇంటి గుమ్మంలోకి. పళ్ళతో మూల కొరికి పిండుకోవడమే. ఇక కొట్టు కూడా అక్కర్లేదు, కుర్చీ సంగతి దేవుడెరుగు. స్టఫ్ అంటే ఏమంటారు? చిటికెడు ఉప్పు, లేదంటే పచ్చిమిరపకాయ. నాయన జేబులో ఎప్పుడూ నాలుగు బొరుగులుండేవి. చిన్నప్పుడు అవి నాకోసం తెచ్చేవాడనుకునేవాణ్ణి.

*

కొడవలూరు డెల్టా ఊరు. హైవే పక్కనే, రైలు స్టేషనుంది, పెన్నా నీళ్ళతో రెండు పంటలు పండే మాగాణి. నాట్లకీ కోతలకీ కూలి దొరికేది. దొరికిన కూలి సాయంత్రానికి సగమయ్యేది. మా నాయన చెడ్డవాడు కాదు, ఈ మాట రాయకుండా ఈ వ్యాసం రాయలేను. తాగకపోతే పాటలు పాడేవాడు, తాగితే అమ్మని కొట్టేవాడు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం పెద్దయెత్తున మొదలైంది. జన విజ్ఞాన వేదిక వాళ్ళు, కళాజాతాలు, అధికారులు, ఊరూరా రాత్రి బడులు. అమ్మ కూడా వెళ్ళింది. నన్ను చంకనేసుకుని పోయేదట. చెప్పేవాడు ఇంటరు తప్పిన మా వీధి కుర్రాడే. పలకా బలపం ఉచితం. అమ్మ సరదాకి వెళ్ళానని చెబుతుంది. “ఇంట్లో ఉంటే ఆయనొచ్చేస్తాడని పొయ్యేదాన్నిరా” అని ఒకసారి మాత్రం అంది.

అక్కడి వాచకాల్లో ‘సీతమ్మ కథ’ ఉండేది, సారా వల్ల నాశనమైన సంసారం గురించి. ఆ బళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు ‘అ, ఆ’ల కంటే ముందు ఆ కథని పట్టుకున్నారు. మెట్టన కలిగిరి మండలంలో దూబగుంట అని చిన్న ఊరుంది. తాగినవాళ్ళిద్దరు చెరువులో పడి చనిపోవడంతో ఆ ఊరి ఆడవాళ్ళు కదిలారు. సారాకొట్టు మూయించారు. వాళ్ళలో ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ తర్వాత దూబగుంట రోశమ్మగానే లోకానికి తెలిసింది. 2016లో ఆమె పోయేదాకా మా జిల్లాలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. దూబగుంటలో జరిగింది మళ్ళీ పాఠమైంది. ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పేరుతో పుస్తకంలోకెక్కింది. అంటే ఒక ఊరి ఆడవాళ్ళు చేసిన పనిని ఇంకో ఊరి ఆడవాళ్ళు కూడబలుక్కుని చదివారు. సర్కారు డబ్బుతో అచ్చయిన పుస్తకం సర్కారు ఆదాయానికి గండి కొట్టింది. ఇలాంటిది మన చరిత్రలో ఇంకోటి నాకు తట్టడం లేదు.

1992లో సారా వేలంపాటలప్పుడు జిల్లా నలుమూలల నుంచి ఆడవాళ్ళు నెల్లూరు వెళ్ళి అడ్డం కూచున్నారు. పాట వాయిదా పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ కూచున్నారు, మళ్ళీ వాయిదా. నేను ‘కూచున్నారు’ అని ఊరికే రాయడం లేదు. వందేళ్ళ ఆబ్కారీ చరిత్రలో తాగేవాళ్ళకి కూచునే చోటు లేకుండా చేసిన వేలంపాట ముందు, తాగనివాళ్ళు వెళ్ళి నేలమీద కూచున్నారు. అమ్మ రెండుసార్లు పోయిందట. మొదటిసారి ఎందుకో అర్థం కాలేదంటుంది. “రెండోసారికి మాత్రం బాగా తెలిసిందబ్బయా. మొగోళ్ళు బెదురుకున్యారు. మేమేమీ చెయ్యలా. ఊరికే కూచోనుంటిమి.”

అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మా జిల్లావాడే. వాకాడు ఆయనది. ‘ఈనాడు’ ‘సారాపై సమరం’ అని పేజీయే కేటాయించింది. పత్రిక లెక్కలు పత్రికకి ఉంటాయి, అప్పటి రాజకీయాల లెక్కలు వాళ్ళకుంటాయి. కానీ ఆ పేజీ రాకముందే ఊళ్ళల్లో పొట్లాలు చింపి కాలవలో పారబోస్తున్నారు. చీపుర్లతో, కారప్పొడితో కాపలా కాసేవాళ్ళు. తాగి వచ్చినవాళ్ళకి గుండు గీయించి ఊరేగించిన కథలు మావైపు ఇంకా నవ్వుతూ చెబుతారు. నాకు ఆ నవ్వు పూర్తిగా రాదు. గుండు గీయించుకున్నవాళ్ళు కూడా కూలివాళ్ళే, వేలం పాడినవాడికి ఎవరూ గీయించలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. అప్పటికి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ తిరిగొచ్చి, ప్రమాణ స్వీకారం రోజే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే బంద్. ‘వారుణి వాహిని’ పారించిన చేత్తోనే ఆనకట్ట కట్టాడు. 1997లో చంద్రబాబు నాయుడు దాన్ని తెరిచాడు.

*

సారా తిరిగి రాలేదు. సారా చోట్లోకి ‘క్వార్టర్’ వచ్చింది. ఇంగ్లీషు పేరు, రంగు, గుర్రం బొమ్మో కిరీటం బొమ్మో ఉన్న సీసా. మన దేశంలో చవకరకం విస్కీ, బ్రాందీ చాలావరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటుకి రంగూ వాసనా కలిపినవే. అంటే సారాకి చొక్కా తొడిగినట్టు. అమ్మావాళ్ళు పోరాడి ఓడించింది పొట్లాన్ని. పొట్లంలో ఉన్నది సీసాలో దూరి వెనక్కి వచ్చింది, ఇంకాస్త ఎక్కువ ధరకి. మా నాయన ఆ రెండేళ్ళూ నిజంగా తాగలేదు. ఆ రెండేళ్ళ పాటలే నాకు గుర్తున్నాయి. తర్వాత క్వార్టర్‌కి మారాడు. 2011లో పోయాడు, కాలేయం.

వైన్ షాపుకి ఇనప చువ్వల కిటికీ ఉంటుంది. ముందు డబ్బు చెయ్యి లోపలికి, తర్వాత సీసా చెయ్యి బయటికి. పక్కన ‘పర్మిట్ రూం’ అని ఒకటుంటుంది. పేరుకి గది. ఎత్తైన రాతిబల్ల, తడిసిన నేల, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ పాకెట్లు. గుడ్లూ శనగలూ వేపుడూ అమ్మే బండి వాకిట్లో. పర్మిట్ అంటే నిలబడి తాగడానికి అనుమతి అన్నమాట, కూచోడానికి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడపడం మొదలుపెట్టి పర్మిట్ రూములు మూసేసింది. అప్పుడు తాగేవాళ్ళు కాలవగట్లెక్కారు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఎన్నడూ వినని పేర్ల సీసాలు గట్ల మీద దొర్లుతుండేవి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి. ఇంతమంది ముఖ్యమంత్రులు ఇన్ని పాలసీలు మార్చారు గానీ, కూలిమనిషి కూచుని, ఏదన్నా తింటూ, మెల్లిగా తాగి ఇంటికి పోయే చోటు గురించి ఒక్క పాలసీలోనూ వాక్యం లేదు.

మాకు మాత్రం ఉంది. బెంగళూరులో 2010లో టాయిట్ లాంటివి మొదలై, తర్వాత కొన్నేళ్ళకి హైదరాబాదుకీ మైక్రోబ్రూవరీలొచ్చాయి. వీటి రూలు విచిత్రంగా ఉంటుంది. ఇక్కడ కాచినదాన్ని ఇక్కడే అమ్మాలి, సీసాల్లో నింపి ఊళ్ళకి పంపడానికి లేదు. అంటే చట్టమే కుర్చీ వెయ్యమంటుంది! అయితే లైసెన్సు ఫీజు, తొట్లు, జూబ్లీహిల్స్ అద్దె కలిసి ఆ కుర్చీ ధరని గ్లాసుకి 400 రూపాయల పైకి తీసుకెళతాయి. తీరిగ్గా తాగే హక్కుకి మనవాళ్ళు పెట్టిన ధర అది.

నేను ఎక్కువగా తాగేది ఐపీఏ. ఇండియా పేల్ ఏల్. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్ నుంచి కంపెనీ ఓడల్లో కలకత్తాకీ మద్రాసుకీ దొరల కోసం వచ్చిన బీరు వంశం. ఓడలో పాడవకుండా చేదు హాప్స్ ఎక్కువ వేసి మనకోసమే కనిపెట్టారని పబ్బుల్లో కథ చెబుతారు. అంత నిజం కాదు, వేడిదేశాలకి పంపే బీరులో హాప్స్ ఎక్కువ వెయ్యడం అంతకుముందే ఉంది. పేరు మాత్రం మనది. మద్రాసులో దొర కూచుని ఆ బీరు తాగుతున్న రోజుల్లోనే ఆయన కచేరీలో నెల్లూరు జిల్లా సారాకీ కల్లుకీ పాట జరుగుతోంది. ఇప్పుడా కుర్చీలో నేనున్నాను. దీన్ని ప్రగతి అనాలో ఇంకోటి అనాలో తేల్చుకోలేక ఇంకో గ్లాసు చెప్పిన రోజులున్నాయి.

కల్లుకీ ఈమధ్య కాస్త గౌరవం దొరికింది. తెలంగాణ వచ్చాక 2014లో హైదరాబాదులో కల్లు కాంపౌండ్లు మళ్ళీ తెరిచారు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ కట్టింది. కాంపౌండులో బెంచీలుంటాయి. బోటీ, తలకాయ కూర, గుడాలు ఆకుల్లో పెడతారు. అక్కడ ముసలమ్మలు వరసగా కూచుని తాగడం చూశాను. ఎవరూ వాళ్ళని వింతగా చూడరు. బ్రూపబ్‌లో అమ్మాయిలు కూచోవడాన్ని నగరం తెచ్చిన మార్పుగా రాసేవాళ్ళు ఒకసారి అక్కడికెళ్ళి రావాలి.

*

పోయిన వేసవిలో అమ్మ కంటి ఆపరేషనుకని హైదరాబాదొచ్చింది. కట్టు విప్పాక ఒకరోజు, నువ్వు రోజూ పొద్దుపోయి ఎక్కడికి పోతావో చూపించమంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మధ్యాహ్నం పూట తీసుకెళ్ళాను, జనం తక్కువుంటారని.

కుర్చీలో కూచుని చేతుల మీద చేతులు వేసి చూసింది. “ఇదేందబ్బయా, పాలకేంద్రంలో తొట్టి మాదిరుండాదే” అంది. అందులో బీరు కాస్తారని చెప్పాను. కొంతసేపు ఏమీ అనలేదు. “ఈడ ఆడోళ్ళు గూడా తాగతారా?” తాగుతారన్నాను. “తాగి ఇంటికి ఎట్టా బోతారు?” కారు పిలుచుకుంటారని చెప్పాను. ఫోన్లో చూపించాను. “కొట్టుకోరా?” లేదమ్మా అన్నాను, అది పూర్తి నిజం కాదు. ఇక్కడ కొట్టుకోరు, ఇంటికెళ్ళి ఏం చేస్తారో నాకు తెలియదు.

“నువ్వు ఎంత తాగతావు?”

చెప్పాను. నిజమే చెప్పాను. ఆమె లెక్కవేస్తున్నట్టు పెదాలు కదిపింది. నాయన గురించి అంటుందనుకున్నాను. అనలేదు. “మీ నాయనకి ఇట్టాటి చోటుంటే...” అని ఆగి, మంచినీళ్ళు తాగింది. ఉంటే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తక్కువ తాగేవాడా, కొట్టకుండా ఉండేవాడా, ఇంకో పదేళ్ళు బతికేవాడా. అసలు ఇలాంటి చోటికి ఆయన్ని లోపలికి రానిచ్చేవాళ్ళేనా.

కుర్రాడొచ్చి ఇద్దరి ముందూ మెనూ పెట్టి వెళ్ళాడు. నా చేతిలోది నేను పక్కన పెట్టేశాను, నాకు కంఠతా వచ్చు. అమ్మ కొత్త కంటితో దాన్ని దగ్గరికి పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. రాత్రి బడిలో నేర్చుకున్నట్టే వేలు పెట్టి పై వరస నుంచి మొదలుపెట్టింది. అట్ట తిప్పి వెనక చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

“దీంట్లో మన అక్షరాలు యాడుండాయిరా?” అంది.

ఆ కుర్రాణ్ణి పిలిచి తెలుగు మెనూ ఉందా అని అడిగాను. నవ్వి, లేదు సార్ అన్నాడు. ఆమె పక్కకి వంగి ఒక్కో పేరూ తెలుగులో చదివి వినిపించాను. రొయ్యలు చెప్పమంది. ఆరే వస్తాయని ముందే చెప్పాను.